అంబాసిడర్ జర్కులు కొడుతోందా? ఇగ్నిషన్ నుంచి కార్బురేటరు దాకా వరసగా వెతికే పద్ధతి

మా నాన్న కొన్న 1984 మార్క్-4 అంబాసిడర్ ఒక ఏడాది పాటు మమ్మల్ని బాగా ఏడిపించింది. విశాఖ నుంచి శృంగవరపుకోట దాకా వెన్నలా వచ్చేది. అరకు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే జర్కులు. యాక్సిలరేటర్ మీద కాలు కదిపినప్పుడల్లా ఇంజను ఒక్క క్షణం ఆగి, కుదుపు ఇచ్చి, మళ్ళీ అందుకునేది. ఒక మెకానిక్ కార్బురేటరు విప్పి కడిగాడు. ఇంకో ఆయన పెట్రోలు పంపు మార్చాడు. మూడో ఆయన కొత్త కాయిల్ (బ్యాటరీ కరెంటుని వేల వోల్టులకి పెంచేది) వేశాడు. డబ్బులైతే అయ్యాయి, జర్కులు మాత్రం పోలేదు. అసలు దొంగ ఎవరో డిస్ట్రిబ్యూటర్ (ఆ కరెంటుని ఒక్కో ప్లగ్గుకీ వంతులవారీగా పంచేది) దగ్గరికి వచ్చాక చెప్తాను. ఈ వ్యాసంలో ఉన్న వరస ఆ ఏడాది నేను నేర్చుకున్నదే.

ఇక్కడ చెప్పే కొలతలు పాత పెట్రోలు అంబాసిడర్‌వి. అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశపు బీఎంసీ 1489 సీసీ ఇంజను, పాయింట్లు (కాయిల్ కరెంటుని కలిపి విడదీసే చిన్న స్విచ్) ఉన్న లూకాస్ తరహా డిస్ట్రిబ్యూటర్, ఎస్‌యూ రకం కార్బురేటరు (గాలిలో పెట్రోలు కలిపేది). 1990లలో వచ్చిన 1.8 ఇసుజు ఇంజను బండ్లకి ఈ అంకెలు పనికిరావు. పద్మినీ ఉన్నవాళ్ళు వెతికే పద్ధతి ఇదే పాటించవచ్చు, కొలతలు మాత్రం తమ మాన్యువల్లో చూసుకోవాలి.

ముందు బండిని అడగండి

బానెట్ ఎత్తకముందే ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి. ఇబ్బంది చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? స్లో స్పీడులోనా, పికప్ ఇస్తున్నప్పుడా, ఒకే వేగంలో పోతున్నప్పుడా? ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువవుతోందా? ఇంజను ఆగేటప్పుడు ఎలా ఆగుతోంది?

ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. ఎవరో స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగి, మళ్ళీ టక్కున అందుకుంటే అనుమానం కరెంటు మీదికి పోవాలి. నీరసపడి, లాగలేక, మెల్లగా చచ్చిపోతూ ఉంటే పెట్రోలు మీదికి. రెండూ కలిసి ఉండే సందర్భాలు లేకపోలేదు కానీ నూటికి తొంభై సార్లు ఈ తేడా సరైన దారి చూపిస్తుంది. సైలెన్సర్లో టప్ టప్ మని పేలుతుంటే కాలని పెట్రోలు బయటికి వెళ్ళి అక్కడ అంటుకుంటోందని, అంటే చాలాసార్లు నిప్పు తప్పిపోతోందని. కార్బురేటరు నోట్లోంచి తుమ్మినట్టు వెనక్కి కొడితే పెట్రోలు చాలడం లేదనో, టైమింగ్ (నిప్పు పడే సమయం) తేడా అనో, వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదనో అర్థం.

ఇంకో మాట. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. కాయిల్, కండెన్సర్ (పాయింట్ల దగ్గర నిప్పు రేగకుండా ఆపేది), ప్లగ్గులు మూడూ ఒకే పూట మార్చేస్తే బండి బాగుపడొచ్చు. కానీ ఏది పాడయిందో తెలీదు. రేపు కొత్తదానిలో ఒకటి చెడిపోతే మళ్ళీ మొదటికే వస్తారు.

చేతికి కావలసినవి

ఫీలర్ గేజ్, ప్లగ్ స్పానర్, మామూలు స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, మల్టీమీటర్, రెండు వైర్లు కలిపిన 12 వోల్టుల చిన్న బల్బు, ఒక మంచి పాత ప్లగ్గు. టైమింగ్ లైటు ఉంటే హాయి, లేకపోయినా పని ఆగదు. బండితో స్టార్టింగ్ హ్యాండిల్ వచ్చి ఉంటే దాన్ని డిక్కీలోంచి తీయండి. ఇంజనుని చేత్తో తిప్పడానికి దాన్ని మించింది లేదు.

కాయిల్ నుంచి వచ్చే హై టెన్షన్ కరెంటు వేల వోల్టులు. కొట్టిందంటే చెయ్యి విసురుగా వెనక్కి వస్తుంది, ఆ విసురులో ఫ్యానుకి తగిలే ప్రమాదం షాక్ కన్నా ఎక్కువ. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఈ పని ముట్టుకోవద్దు. పెట్రోలు గొట్టం ఊడదీసిన రోజు స్పార్క్ పరీక్ష చేయొద్దు, స్పార్క్ పరీక్ష చేసే చోట పెట్రోలు వాసన రాకూడదు. ఇంజను ఆగి ఉండగా ఇగ్నిషన్ స్విచ్ ఆన్‌లో మరచిపోతే, పాయింట్లు కలిసి ఉన్నప్పుడు కాయిల్ గుండా కరెంటు ఆగకుండా పారి అది కాలిపోతుంది. పాటలు వినడానికి తాళం తిప్పి కూర్చునే అలవాటు ఈ బండిలో పనికిరాదు.

మొదటి మెట్టు: బ్యాటరీ, ఎర్తు, కాయిల్‌కి అందే కరెంటు

రాత్రంతా కదలకుండా ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. ఇంజను నడుస్తూ కొంచెం రేస్ ఇచ్చినప్పుడు 14 దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.5 కన్నా కిందికి పడిపోతుంటే ముందు బ్యాటరీ, దాని టెర్మినళ్ళు, సెల్ఫ్ మోటారు సంగతి చూడండి. సెల్ఫ్ మొత్తం కరెంటు తాగేస్తే ప్లగ్గుకి మిగిలేది బలహీనమైన నిప్పే.

ఎర్తు పట్టీలు రెండూ చూడండి. ఒకటి బ్యాటరీ నుంచి బాడీకి, ఇంకోటి ఇంజను లేదా గేర్‌బాక్సు నుంచి బాడీకి. రబ్బరు మౌంటింగుల మీద కూర్చున్న ఇంజనుకి ఆ పట్టీ ఒక్కటే దారి. అది తుప్పు పడితే కరెంటు క్లచ్ లింకేజీ, యాక్సిలరేటర్ తీగల గుండా దారి వెతుక్కుంటుంది.

ఇప్పుడు కాయిల్. పాత లూకాస్ కాయిల్ మీద ఒక టెర్మినల్ పక్కన ఎస్‌డబ్ల్యూ అని, రెండోదాని పక్కన సీబీ అని ఉంటుంది. స్విచ్ నుంచి వచ్చేది ఎస్‌డబ్ల్యూకి, డిస్ట్రిబ్యూటర్‌కి పోయేది సీబీకి. పాయింట్లు కలిసి ఉండేలా ఇంజను తిప్పి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఎస్‌డబ్ల్యూ దగ్గర వోల్టులు కొలవండి. బ్యాటరీ దగ్గర ఉన్నదానికీ ఇక్కడ ఉన్నదానికీ అర వోల్టుకి మించి తేడా రాకూడదు. వస్తే నలభై ఏళ్ళ ఇగ్నిషన్ స్విచ్చో, వదులైన లగ్గో మధ్యలో తినేస్తోంది. నమ్మకం కుదరకపోతే బ్యాటరీ నుంచి ఎస్‌డబ్ల్యూకి నేరుగా ఒక వైరు వేసి నడిపి చూడండి. జర్కులు పోతే జబ్బు స్విచ్ వైపే. ఈ పరీక్ష అయ్యాక ఆ వైరు తీసేయండి, అది ఉన్నంతసేపూ తాళం తీసినా ఇంజను ఆగదు.

మరీ పాత బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండవచ్చు. ఎవరో మధ్యలో నెగెటివ్‌కి మార్చి కాయిల్ వైర్లు అటూ ఇటూ మార్చడం మరచిపోయి ఉండవచ్చు. అప్పుడు బండి నడుస్తుంది, కానీ ప్లగ్గు దగ్గర నిప్పు పుట్టడానికి ఎక్కువ వోల్టులు కావలసి వస్తుంది. ఎత్తు మీద, బరువు మీద మిస్సింగ్ కొడుతుంది.

రెండో మెట్టు: ప్లగ్గులు

ఒక అరగంట నడిపిన బండి ప్లగ్గులు నాలుగూ విప్పి వరసగా పెట్టండి. రేడియేటర్ వైపు ఉన్నది ఒకటో నంబరు. కొన లేత గోధుమ రంగులో, పొడిగా ఉంటే ఆరోగ్యం. నాలుగూ మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైందని, నాలుగూ సున్నంలా తెల్లగా ఉంటే తక్కువైందని. నాలుగింట్లో ఒక్కటే తేడాగా ఉంటే సంతోషించండి. వెతకాల్సిన చోటు నాలుగో వంతుకి తగ్గిపోయింది. అది నూనెతో తడిగా ఉంటే రింగులో వాల్వు గైడో, పెట్రోలుతో తడిగా ఉంటే దానికి నిప్పు అందడం లేదు.

గ్యాప్ 0.025 అంగుళం, అంటే 0.64 మి.మీ. దగ్గర పెట్టండి. వైపు కొనని మాత్రమే వంచాలి, మధ్య కొనని ముట్టుకోవద్దు. తెల్లటి పింగాణీ మీద వెంట్రుకంత చీలిక కనిపించినా ఆ ప్లగ్గు పారేయండి.

ఇంజను నడుస్తుండగా ప్లగ్ క్యాపులు ఒక్కొక్కటే ఇన్సులేషన్ ఉన్న ప్లైయర్‌తో లాగి చూడడం పాత పద్ధతి. లాగినప్పుడు ఇంజను తగ్గితే ఆ సిలిండర్ పని చేస్తోంది. తగ్గకపోతే అదే చచ్చింది. ఎక్కువసేపు ఊడదీసి ఉంచొద్దు. కరెంటు వెళ్ళే దారి లేక రోటరునీ (డిస్ట్రిబ్యూటర్ క్యాపు లోపల తిరుగుతూ కరెంటు పంచే ముక్క), కాయిల్‌నీ చీల్చుకుని బయటపడుతుంది.

మూడో మెట్టు: నిప్పు ఎంత బలంగా ఉంది

డిస్ట్రిబ్యూటర్ క్యాపు మధ్య నుంచి కాయిల్ వైరు ఊడదీసి, దాని కొనని ఇంజను లోహానికి పావు అంగుళం దూరంలో పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. చేత్తో కాదు, ఇన్సులేటెడ్ ప్లైయర్‌తో. నీలంగా, చటచటమని చప్పుడు చేస్తూ దూకితే కాయిల్, పాయింట్లు, కండెన్సర్ ప్రస్తుతానికి పని చేస్తున్నట్టే. పసుపు ఎరుపు కలిసిన సన్నటి నిప్పు, అదీ దగ్గరికి తెస్తేనే దూకితే ఈ మూడింట్లో ఒకటి నీరసపడింది.

అక్కడ నిప్పు బాగుండి, ప్లగ్గు దగ్గర బాగోకపోతే తప్పు మధ్యలో ఉంది. క్యాపు, రోటరు, ప్లగ్ వైర్లు. చీకటి పడ్డాక బానెట్ ఎత్తి ఇంజను రేస్ ఇస్తూ చూస్తే వైర్ల మీద నీలం పాములు పాకుతుంటాయి. వర్షాకాలం ఉదయాల్లో మాత్రమే మొరాయించే బండిలో నూటికి తొంభై సార్లు ఇదే కథ.

నాలుగో మెట్టు: డిస్ట్రిబ్యూటర్

ఇక్కడ తొందర పడకండి. టీ తాగి వచ్చి మొదలుపెట్టండి.

లోపల జరిగేది సులువే. పాయింట్లు కలిసినప్పుడు కాయిల్‌లో అయస్కాంత శక్తి చేరుతుంది. విడిపోయిన క్షణంలో ఆ శక్తి కుప్పకూలి వేల వోల్టులై ప్లగ్గు దగ్గర దూకుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజనులో ఇది సెకనుకి 100 సార్లు జరగాలి. అందులో రెండు మూడు తప్పినా మన వెన్నుకి తెలిసిపోతుంది.

క్యాపు తీయండి. లోపల మధ్యలో చిన్న కార్బన్ బొగ్గు, వెనక స్ప్రింగు ఉంటాయి. నొక్కితే లోపలికి పోయి తిరిగి రావాలి. చాలా క్యాపుల్లో అది అరిగిపోయో, ఊడిపోయో ఉంటుంది. గోడల మీద పెన్సిల్ గీతలాంటి నల్లటి చారలు కనిపిస్తే అది కరెంటు పాకిన దారి. గీకితే పోదు, క్యాపు మార్చాల్సిందే. రోటరు ఇత్తడి ముక్క కొన కాలి ఉంటే సన్నటి ఎమెరీ కాగితంతో ఒక్కసారి తుడవండి. ఇప్పుడు బజారులో దొరికే కొన్ని చౌక రోటర్లలో ఇత్తడిని రివిట్‌తో బిగించి, ఆ రివిట్‌కీ కింది షాఫ్టుకీ మధ్య ప్లాస్టిక్ పలచగా వదిలేస్తారు. నిప్పు ప్లగ్గుకి పోకుండా ఆ పలచటి చోట దిగిపోతుంది. కొత్తదే కదా అని నమ్మొద్దు.

తర్వాత పాయింట్లు. రెండు ముఖాలూ బూడిద రంగులో, సమంగా ఉండాలి. ఒకవైపు గుట్ట, ఇంకోవైపు గొయ్యి పడితే కండెన్సర్ సరిపడలేదనో పాడయిందనో అర్థం. ఆకురాయితో నున్నగా చేసి వాడొచ్చు, కానీ కొత్త సెట్ ధర చూస్తే అంత కష్టం ఎందుకనిపిస్తుంది. కొత్త సెట్ వేసేముందు ముఖాలకి ఉన్న జిడ్డుని శుభ్రంగా తుడవండి. కొత్త పాయింట్లు వేసిన వెంటనే స్టార్ట్ కాకపోతే ఆ జిడ్డే కారణం కావచ్చు.

గ్యాప్ పెట్టడం ఇలా. ప్లగ్గులు తీసేస్తే ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. హ్యాండిల్‌తో మెల్లగా తిప్పుతూ పాయింటు మడమ క్యామ్ (మధ్య షాఫ్టు మీది నాలుగు మూలల ముక్క) మూలకి సరిగ్గా ఎక్కేదాకా తేండి. అక్కడ గ్యాప్ 0.014 నుంచి 0.016 అంగుళం, అంటే 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉండాలి. ఫీలర్ ఆకు కొంచెం పట్టినట్టు జారాలి, తోసుకుంటూ పోకూడదు. స్క్రూ బిగించాక మళ్ళీ కొలవండి, బిగించేటప్పుడు కదలడం మామూలే. నాలుగు మూలల్లోనూ కొలిచి చూడండి. ఒక మూలలో 0.014, ఇంకో మూలలో 0.018 వస్తుంటే షాఫ్టు బుష్షు అరిగింది. షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ ఊపితే తెలుస్తుంది. అలాంటి డిస్ట్రిబ్యూటర్‌తో ఎంత ట్యూనింగ్ చేసినా స్లో స్పీడు నిలబడదు. ముందు లేత్ దగ్గరికి తీసుకెళ్ళి బుష్షు వేయించాలి.

డ్వెల్ మీటరు (పాయింట్లు కలిసి ఉండే కోణం కొలిచేది) ఉన్నవాళ్ళు 60 డిగ్రీల దగ్గర చూసుకోవాలి. క్యామ్ మీద గోరంత గ్రీజు రాయండి, ఎక్కువైతే అది ఎగిరి పాయింట్ల మీద పడుతుంది. రోటరు కింద ఉండే స్క్రూ మీద రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ వేయండి. కింద ఉన్న అడ్వాన్స్ బరువులు (వేగం పెరిగేకొద్దీ నిప్పుని ముందుకు జరిపేవి) పట్టేయకుండా ఉండాలంటే పైనుంచి నూనె దిగాలి. రోటరుని చేత్తో తిరిగే దిశలో కొంచెం తిప్పి వదిలితే స్ప్రింగు లాగి వెనక్కి రావాలి. రాకపోతే బరువులు తుప్పు పట్టాయి.

వాక్యూమ్ గొట్టం కార్బురేటరు వైపు ఊడదీసి నోటితో పీల్చండి. లోపల పాయింట్లు కూర్చున్న ప్లేటు కదలాలి, నాలుక అడ్డం పెడితే అలాగే నిలబడాలి. గాలి వస్తూనే ఉంటే డయాఫ్రమ్ చిరిగింది.

ఇప్పుడు మా బండి సంగతి. ఆ ప్లేటుతో పాటు కదిలే సన్నటి వైరు ఒకటుంటుంది. బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకి కరెంటు తెచ్చేది, రెండంగుళాలు కూడా ఉండదు. ఇంకోటి ప్లేటుని బాడీకి కలిపే ఎర్తు వైరు. కాలు కదిపిన ప్రతిసారీ వాక్యూమ్ మారుతుంది, ప్లేటు కదులుతుంది, ఈ వైర్లు వంగుతాయి. ఏళ్ళ తరబడి వంగి వంగి లోపలి పోగులు తెగిపోతాయి. పైన తొడుగు మాత్రం చక్కగా ఉంటుంది, కంటికి తప్పేమీ కనపడదు. హైవే మీద కాలు స్థిరంగా ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఘాట్ రోడ్డులో ప్రతి మలుపులోనూ కాలు కదులుతుంది, ప్రతిసారీ వైరు ఒక్క క్షణం విడిపోతుంది. మా ఏడాది జర్కులకి కారణం అదే. బాగు చేయడానికి అయిన ఖర్చు ఒక మంచి భోజనం ధర కూడా లేదు.

దీన్ని పట్టుకోవడానికి, ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉంచి, పాయింట్లు కలిసి ఉన్నప్పుడు కాయిల్ వైపు వైరు విడదీసి, ఆ టెర్మినల్‌కీ ఇంజను లోహానికీ మధ్య మల్టీమీటరుతో ఓములు కొలవండి. దాదాపు సున్నా ఉండాలి. ఇంకొకరిని వాక్యూమ్ గొట్టం పీల్చమనండి. ప్లేటు కదిలేటప్పుడు అంకె ఎగిరితే దొంగ దొరికినట్టే. డిజిటల్ మీటర్లు నిదానంగా స్పందిస్తాయి, సూది మీటరు ఇంట్లో ఉంటే దాన్నే వాడండి. మార్చేటప్పుడు చాలా సన్న పోగులున్న, మెత్తటి వైరే వేయాలి. ఇంటి కరెంటుకి వాడే గట్టి వైరు వేస్తే మూడు నెలల్లో మళ్ళీ ఇదే పని.

ఐదో మెట్టు: టైమింగ్

పాయింట్ గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే విడిపోతాయి కాబట్టి టైమింగ్ ముందుకు జరుగుతుంది. అందుకే గ్యాప్ పెట్టాకే టైమింగ్. తిరగేసి చేస్తే రెండుసార్లు చేయాలి.

ముందు వైర్ల వరస సరిచూడండి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. పైనుంచి చూస్తే ఈ ఇంజనులో రోటరు గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. ఆ దిశలోనే వైర్లు పేర్చాలి. ఎవరైనా పని చేసి ఇచ్చిన వెంటనే బండి స్టార్ట్ కాకుండా పేలుతుంటే మొదట చూడాల్సింది ఇదే.

ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో పైకి వచ్చేలా ఇంజను తిప్పండి. ప్లగ్గు కన్నం మీద వేలు పెడితే గాలి తోసుకొస్తుంది. క్రాంక్ పుల్లీ మీద గాటు ఉంటుంది, టైమింగ్ కవర్ మీద చిన్న ముళ్ళు ఉంటాయి. పొడుగు ముల్లు టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటు), మిగిలినవి దానికి ముందు 5, 10 డిగ్రీలు. మీ మాన్యువల్ చెప్పిన డిగ్రీకి గాటు తెచ్చి ఆపండి. కంప్రెషన్ రకాన్ని బట్టి ఈ అంకె మారుతుంది కాబట్టి పక్క బండివాడి అంకె అడిగి పెట్టుకోవద్దు.

12 వోల్టుల బల్బు ఒక కొన కాయిల్ సీబీ టెర్మినల్‌కి, రెండో కొన ఇంజను లోహానికి పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేయండి. పాయింట్లు కలిసి ఉంటే బల్బు వెలగదు, విడిపోయిన క్షణంలో వెలుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ బిగింపు కొంచెం వదులు చేసి, రోటరు తిరిగే దిశలో బాడీని కొద్దిగా తిప్పి బల్బు ఆరాక, మెల్లగా ఎదురు దిశలో తెస్తూ బల్బు వెలిగిన చోట ఆపి బిగించండి. రోటరు దిశకి ఎదురుగా బాడీ తిప్పితే టైమింగ్ ముందుకు, అదే దిశలో తిప్పితే వెనక్కి అని గుర్తుంచుకుంటే చాలు.

టైమింగ్ లైటు ఉంటే వాక్యూమ్ గొట్టం ఊడదీసి మూసి, స్లో స్పీడులో చూడండి. రేస్ ఇస్తే గాటు ముందుకు జరగాలి, వదిలితే తిరిగి వచ్చి స్థిరంగా నిలవాలి. గాటు గెంతుతుంటే మళ్ళీ ఆ బుష్షే. టాప్ గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు గులకరాళ్ళు డబ్బాలో వేసినట్టు నాకింగ్ వస్తే కొంచెం వెనక్కి తీయండి.

ఆరో మెట్టు: ఇప్పుడు పెట్రోలు

ఇక్కడిదాకా కార్బురేటరు స్క్రూ ఒక్కటి కూడా ముట్టుకోలేదు, గమనించారా? కార్బురేటరు జబ్బుల్లో ఎక్కువ భాగం ఇగ్నిషన్‌లో ఉంటాయని పాత మెకానిక్కులు నవ్వుతూ అనేవారు. నేను నమ్ముతాను.

ముందు తేలికైనది. బండి ఇరవై నిమిషాలు పోయి నీరసపడితే, ఆపి ట్యాంకు మూత తీయండి. గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చి, ఆ తర్వాత బండి బాగా పోతే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. తర్వాత పంపు. కాయిల్ ఎస్‌డబ్ల్యూ వైరు విడదీసి, కార్బురేటరు దగ్గర పెట్రోలు గొట్టం ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టండి. బలంగా, లయగా చిమ్మాలి. బుడగలు వస్తుంటే పంపుకి ముందు ఎక్కడో గాలి లాగుతోంది.

ఎస్‌యూ కార్బురేటరులో యాక్సిలరేటర్ పంపు (కాలు నొక్కగానే అదనంగా పెట్రోలు చిమ్మేది) ఉండదు. కాలు ఒక్కసారిగా నొక్కినప్పుడు కార్బురేటరు లోపలి పిస్టన్ వెంటనే పైకి లేవకుండా ఆపేది పైన గుండ్రటి గదిలో ఉన్న ఆయిలే. ఆ ఆయిల్ అయిపోతే కాలు నొక్కగానే గాలి ఎక్కువై, పెట్రోలు చాలక ఇంజను తడబడుతుంది. నల్ల టోపీ విప్పి చూడండి, ఖాళీగా ఉంటే ఎస్ఏఈ 20 ఆయిల్ పోయండి. ఈ ఒక్క పనితో బాగుపడిన బండ్లు చాలా చూశాను. మీది సోలెక్స్ రకం కార్బురేటరు అయితే ఈ మాట వర్తించదు. ఎయిర్ క్లీనర్ తీసి, ఇంజను ఆపి, థ్రాటిల్ కదిపితే లోపల పెట్రోలు ధార చిమ్మాలి. చిమ్మకపోతే యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమో జెట్టో చూడాలి.

ఎస్‌యూలో అయితే ఎయిర్ క్లీనర్ తీసి పిస్టన్‌ని వేలితో ఎత్తి వదిలితే టక్ మని చప్పుడుతో కిందికి దిగాలి. సగంలో ఆగితే పిస్టన్ కింది సూదో, అది దిగే పెట్రోలు జెట్టో పక్కకి ఒరిగింది, లేదా మసి పట్టింది. మిశ్రమం చూడడానికి పక్కన చిన్న లిఫ్ట్ పిన్ ఉంటుంది. ఇంజను వేడెక్కాక దాన్ని కొంచెం, మిల్లీమీటరు కన్నా తక్కువ, ఎత్తండి. స్పీడు పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ. వెంటనే ఆగిపోబోతే తక్కువ. క్షణం పెరిగి సర్దుకుంటే సరిపోయింది. కింది జెట్ నట్టుని కిందికి దింపితే పెట్రోలు ఎక్కువ, పైకి ఎక్కిస్తే తక్కువ. ఒక్కసారికి ఒక్క పలక మాత్రమే తిప్పండి.

మానిఫోల్డ్ ప్యాకింగు దగ్గర, థ్రాటిల్ కడ్డీ చివర్ల దగ్గర గాలి లాగడం పాత బండ్లలో మామూలే. స్లో స్పీడులో ఆ చోట్ల సబ్బు నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తే ఇంజను చప్పుడు మారుతుంది.

పెట్రోలు గురించి ఒక్క మాట. 2023 నుంచి దశలవారీగా మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చింది. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రములు దానికి తట్టుకునేలా చేసినవి కావు. ఉబ్బి, మెత్తబడి, లోపల పొరలు ఊడి జెట్టులో చేరతాయి. ట్యాంకు అడుగున ఏళ్ళుగా పేరుకున్న మడ్డిని కూడా వదిలిస్తుంది, అందుకే మొదట్లో ఫిల్టర్లు తరచూ నల్లబడతాయి. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చండి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంది కాబట్టి మిశ్రమం పలచబడుతుంది, జెట్ నట్టు ఒకటి రెండు పలకలు దింపాల్సి రావచ్చు. నెలల తరబడి నిలబెట్టే బండిలో ట్యాంకు నిండా పోసి ఉంచొద్దు, ఆ పెట్రోలు తేమ పీలుస్తుంది.

వేడెక్కాకే వచ్చే జబ్బు

మే నెలలో మధ్యాహ్నం, రామగుండంలోనో రెంటచింతలలోనో సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ కదలనంటే ముగ్గురు అనుమానితులు.

మొదటిది ఎయిర్ లాక్ అని మనం పిలిచేది. ఈ ఇంజనులో కార్బురేటరు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకే పక్కన ఉంటాయి. ఆగినప్పుడు ఆ వేడికి పెట్రోలు ఆవిరైపోతుంది, పంపు ఆవిరిని తోయలేదు. పంపు మీద, గొట్టం మీద తడిగుడ్డ వేస్తే ఐదు నిమిషాల్లో కదిలితే ఇదే. శాశ్వతంగా పోవాలంటే గొట్టాన్ని మానిఫోల్డ్‌కి దూరంగా మళ్ళించి, కార్బురేటరు కింద ఉండాల్సిన వేడి రేకు ఉందో లేదో చూడండి. చాలా బండ్లలో అది ఎప్పుడో పాత ఇనుము కొట్టుకి పోయి ఉంటుంది.

రెండోది కండెన్సర్. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడికి లోపల విడిపోతుంది. ఇంజను మిస్సింగ్ కొడుతూ, పాయింట్ల దగ్గర పెద్ద నిప్పులు కనిపిస్తాయి. కొలిస్తే 0.2 మైక్రోఫారడ్ దగ్గర ఉండాలి, కానీ చల్లటి కండెన్సర్‌ని కొలిచి లాభం లేదు. ఇంజను మొరాయించినప్పుడే ఇంకో కండెన్సర్‌ని సీబీ టెర్మినల్‌కీ లోహానికీ మధ్య తగిలించి, పాతదాని వైరు విడదీసి చూడండి. కండెన్సర్ డిస్ట్రిబ్యూటర్ లోపలే ఉండాలన్న నియమం లేదు. బయట చల్లగా ఉండే చోట బిగిస్తే ఎక్కువ కాలం వస్తుంది కూడా. ఇప్పుడు వచ్చే కొత్త కండెన్సర్లలో నాసిరకం చాలా ఎక్కువ. కొత్తది వేసి వెయ్యి కిలోమీటర్లు నడిచేదాకా పాత మంచిది పారేయొద్దు.

మూడోది కాయిల్. ప్రైమరీ రెండు టెర్మినళ్ళ మధ్య చల్లగా ఉన్నప్పుడు 3 ఓముల దగ్గర చూపిస్తుంది. బ్యాలస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కి పోయే కరెంటుని తగ్గించేది) వాడే 1.5 ఓముల కాయిల్‌ని ఎవరైనా రెసిస్టర్ లేకుండా వేసి ఉంటే అది కాలుతుంది, పాయింట్లనీ కాలుస్తుంది. కాయిల్ వేడిగా ఉండడం తప్పు కాదు, కానీ చెయ్యి పెట్టలేనంత కాలుతూ, చల్లారితే మళ్ళీ పని చేస్తుంటే మార్చేయండి.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ వేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. వేసుకోవచ్చు, బాగానే పని చేస్తుంది. కానీ అరిగిన బుష్షు మీద, పగిలిన క్యాపు కింద వేస్తే ఏ లాభమూ ఉండదు. ఎర్తు ఏ వైపో చూసి మరీ కొనాలి. అది పోతే దారిలో బాగు చేయలేం, కాబట్టి పాత పాయింట్ల ప్లేటు డిక్కీలో ఉంచుకోవాలి.

ఇవేవీ కాకపోతే

కంప్రెషన్ గేజ్ పెట్టండి. నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉండాలి. పక్కపక్కన ఉన్న రెండు ఒకేసారి బాగా తక్కువ చూపిస్తే వాటి మధ్య గ్యాస్కెట్ పోయింది. ఒక్కటే తక్కువైతే ప్లగ్గు కన్నంలో చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు. టాపెట్లు బిగిసిపోయి వాల్వు మూసుకోకపోవడం కూడా ఇలాగే కనిపిస్తుంది, హెడ్ విప్పే ముందు అవి చూడండి.

రోడ్డు మీద పరీక్ష

అంతా అయ్యాక ఇంటి ముందు రేస్ ఇచ్చి చూసి సంతోషపడితే సరిపోదు. బరువు లేని ఇంజను ఎన్ని తప్పులైనా దాచుకుంటుంది. అరగంట నడిపి పూర్తిగా వేడెక్కించండి. టాప్ గేరులో 40 కిలోమీటర్ల వేగం నుంచి కాలు పూర్తిగా నొక్కి చూడండి, నిప్పు నీరసంగా ఉంటే అక్కడే బయటపడుతుంది. తర్వాత ఒకే వేగంలో పోతూ కాలు కొంచెం వదలడం, నొక్కడం చేయండి. వాక్యూమ్ ప్లేటు, దాని వైర్లు, పిస్టన్ ఆయిల్ అన్నీ ఆ కదలికలో పరీక్షకి నిలబడతాయి. చివరగా పది నిమిషాలు ఆపి, ఆ వేడిలోనే మళ్ళీ స్టార్ట్ చేయండి.

గ్యాప్, టైమింగ్, జెట్ నట్టు ఎన్ని పలకలు, ఏ రోజు ఏం మార్చారు, అప్పుడు కిలోమీటర్లు ఎన్ని, ఇవన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసి బండిలోనే పెట్టండి. మా బండి డాష్‌బోర్డు అరలో ఆ పుస్తకంతో పాటు ఒక కండెన్సర్, ఒక రోటరు, ఒక పాయింట్ సెట్, రెండంగుళాల మెత్తటి వైరు ముక్క ఉంటాయి. పోయిన డిసెంబరులో అరకు వెళ్ళినప్పుడు వాటిలో ఏదీ తీయాల్సిన పని పడలేదు.